అమెరికా గుర్రపు పందేల్లో బ్రీడర్స్ కప్ అంటే కెంటకీ డెర్బీ కంటే పెద్దదా? డల్లాస్ నుంచి ఖర్చు పెట్టుకుని వెళ్లొచ్చా?

పేరు డెర్బీదేనండీ, అందులో డౌటే లేదు. రేసుల గురించి ఓనమాలు తెలియనోళ్లు కూడా మే మొదటి శనివారం టీవీ పెడతారు. కానీ మంచి గుర్రాలన్నీ ఒక్కచోట చూడాలంటే బ్రీడర్స్ కప్పే. నేనుండేది శాన్ డియేగోలో, ఇక్కడి రేస్‌కోర్సు డెల్ మార్‌లో పెడితే మా బాబాయ్‌ని తీసుకుని వెళ్తుంటా, ఆయన మలక్‌పేట రేసుల్లో ముదిరిన మనిషి.

డెర్బీలో మూడేళ్ల గుర్రాలే పరిగెడతాయి. ఇక్కడ అలా కాదు, శుక్రవారం శనివారం కలిపి 14 రేసులు, మొదటిరోజు రెండేళ్ల వాటివి, రెండోరోజు పెద్దవాటివి, స్ప్రింట్‌కి (తక్కువ దూరం) వేరే, టర్ఫ్‌కి (గడ్డి ట్రాక్) వేరే, ఆడగుర్రాలకి వేరే. ఈ కప్ రాకముందు ఏమయ్యేదంటే ఒక గుర్రం న్యూయార్క్‌లో గెలిచేది, ఇంకోటి కాలిఫోర్నియాలో గెలిచేది, రెండూ ఎదురుపడకుండానే ఏడాది అయిపోయేది, ఇక ఏది గొప్పదో అని కొట్టుకోవడమే. అది ఒక్కచోట తేల్చేద్దాం అని జాన్ గెయిన్స్ అనే కెంటకీ బ్రీడర్ (గుర్రాల్ని పుట్టించి పెంచేవాడు) 1982లో ఐడియా చెప్తే 1984లో హాలీవుడ్ పార్క్ రేస్‌కోర్సులో మొదలైంది, అప్పుడు 7 రేసులు, మొత్తం ప్రైజ్ కోటి డాలర్లు. ఇప్పుడు చివరి రేసు క్లాసిక్ ఒక్కటే 70 లక్షల డాలర్లు. స్టాలియన్ల (పిల్లల కోసం వాడే మగ గుర్రాల) ఓనర్లు, గుర్రపిల్లల్ని పుట్టించే బ్రీడర్లు అర్హత కోసం కట్టే నామినేషన్ ఫీజులతో ఫండ్ పెట్టారు, అందుకే ఆ పేరు.

క్లాసిక్ మైలుంపావు, అంటే మన లెక్కలో 2000 మీటర్లు, డర్ట్ (మట్టి ట్రాక్) మీద. 2024లో సియెర్రా లియోన్ ఫస్ట్, ఫియర్స్‌నెస్ సెకండ్, జపాన్ గుర్రం ఫరెవర్ యంగ్ థర్డ్. 2025లో మళ్లీ డెల్ మార్‌లోనే మళ్లీ ఆ మూడే, కాకపోతే ఫరెవర్ యంగ్ ఫస్ట్‌కి వచ్చి మిగతా రెండూ ఒక్కో మెట్టు దిగాయి, అర లెంత్ (గుర్రం పొడవులో సగం) తేడా అంతే. జపాన్‌లో ట్రెయినింగ్ అయిన గుర్రం క్లాసిక్ కొట్టడం అదే మొదటిసారి. ఆ ఏడాది డెర్బీ గెలిచిన సావరెన్‌టీ జ్వరం వచ్చి ఆ వారమే తప్పుకుంది, అది కూడా ఉండుంటే రేసు ఎలా ఉండేదో అని బాబాయ్ ఇప్పటికీ గొణుగుతాడు.

పందెం కాసే ఉద్దేశం ఉంటే ఒకటి గుర్తుపెట్టుకోండి. మన దగ్గర ప్లేస్ అంటే రేసులో గుర్రాలు ఎక్కువుంటే మూడో స్థానానికి కూడా డబ్బులొస్తాయి కదా, అమెరికాలో ప్లేస్ అంటే మొదటి రెండే, మూడోదానికి షో అని వేరే టికెట్ కొట్టాలి. 2024లో బాబాయ్ ఫరెవర్ యంగ్ మీద ప్లేస్ కొట్టి, మూడోది రాగానే టికెట్ పట్టుకుని దర్జాగా కౌంటర్ దగ్గరికి వెళ్లాడు. ఆ కౌంటర్ అమ్మాయి టికెట్ వెనక్కిచ్చేస్తే హైదరాబాద్ హిందీలో ఏదేదో అన్నాడు, ఆమెకి అర్థం కాకపోవడం మా అదృష్టం.

ఇంకోటి, ఇక్కడ మామూలు రేసుల్లో జీను కింద గుడ్డ రంగు చూస్తే నంబర్ తెలిసిపోతుంది, ఒకటికి ఎరుపు, రెండుకి తెలుపు అలా. బ్రీడర్స్ కప్‌లో అన్నిటికీ ఊదా రంగే, మీద గుర్రం పేరుంటుంది, దూరం నుంచి ఏం కనిపించదు. కాబట్టి జాకీ చొక్కా రంగు ముందే చూసి పెట్టుకోవాలి. దానికైనా ప్రతి రేసుకీ ముందు పడాక్ (గుర్రాల్ని నడిపించి చూపించే చోటు) దగ్గర నిలబడండి, అసలు నన్నడిగితే సగం డబ్బులు అక్కడే వసూలవుతాయి, నడుస్తున్నప్పుడే చెమట పట్టేసి తల విసిరేదేదో, ఏమీ పట్టనట్టు పోయేదేదో దగ్గరగా కనిపిస్తుంది. డర్ట్ రేసుల జాకీల టోపీ మీద చూడండి, కళ్లజోళ్లు ఒకదాని మీద ఒకటి నాలుగైదు ఉంటాయి. ముందు గుర్రాల మట్టి కొట్టుకుని ఒకటి మూసుకుపోగానే పరుగులోనే కిందికి లాగేసి తర్వాతదాంతో చూస్తారు. వెనక నుంచి వచ్చి గెలిచినవాడి మొహం చూస్తే కళ్ల చుట్టూ తప్ప అంతా మట్టే.

వేదిక మన దేశంలోని ఇన్విటేషన్ కప్ రేసులాగే ఊళ్లు తిరుగుతుంది, 2026ది కెంటకీలో లెక్సింగ్టన్ పక్కన కీన్‌లాండ్‌కి ఇచ్చారు. డల్లాస్ నుంచి మీకు అదే బెటర్, చుట్టూ గుర్రాల్ని పెంచే స్టడ్ ఫార్ములు, ముందురోజు వెళ్తే ఏదో ఒకటి టూర్ చూసిరావచ్చు. శనివారం టికెట్ రేటు చూసి గుండె ఆగేలా ఉంటే శుక్రవారంది తీసుకోండి, దాని మజా దానిదే. కాకపోతే ఆరోజు జువెనైల్ అనే రెండేళ్ల గుర్రాల రేసు గెలిచింది వచ్చే ఏడాది డెర్బీ కూడా కొట్టేస్తుందని మాత్రం పందెం కాయకండి, ఇన్నేళ్లలో ఆ రెండూ గెలిచినవి స్ట్రీట్ సెన్స్, నైక్విస్ట్, ఈ రెండే.