వాగ్దాన కార్డు తప్పిందా?

ప్రశ్న: డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికని తీసిన వాగ్దాన కార్డు (బైబిలు వచనం ఉన్న చీటీ) మీద నాకొచ్చిన వాగ్దానం ‘నిన్ను స్వస్థపరచు యెహోవాను నేనే’. అమ్మ జబ్బు నయమవుతుందని దాన్నే పట్టుకుని 21 రోజులు ఉపవాస ప్రార్థన చేశాం. మార్చిలో అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. అప్పటినుంచి మోకరిస్తే మాట రావట్లేదు. దేవుడు అసలు వింటున్నాడా అనిపిస్తోంది. ‘నువ్వు సందేహించావు, అందుకే జవాబు రాలేదు’ అంటున్నారు సంఘంలో ఒక అక్క. సండే స్కూల్లో పాఠాలు చెబుతున్నాను, మానేయాలా?
– ఒక సహోదరి, తెనాలి

జవాబు: ముందు ఆ కార్డు సంగతి. నిర్గమకాండము 15:26 తెరిచి మొత్తం చదవండమ్మా. మీ కార్డు మీద ఉన్నది ఆ వచనంలో చివరి ముక్క. ఎడారిలో మారా అనే చోట చేదు నీళ్లు మధురమయ్యాక, తన మాట వింటే ఐగుప్తీయులకు వచ్చిన రోగాలు మీకు రానివ్వనని దేవుడు ఇశ్రాయేలీయులకు చెప్పిన సందర్భం అది. ఫలానా ఇంట్లో ఫలానావారు ఈ ఏడాది బాగవుతారన్న హామీ అందులో లేదు. పళ్లెంలోంచి తీసిన చీటీ మీద అంత బరువు పెట్టడం మన సంఘాల అలవాటు. (కార్డు మీద అధ్యాయం, వచనం వేసే ఉంటాయి. బైబిలు తెరిచి చూసేవాళ్లే తక్కువ.)

ఆ అక్కగారి మనసులో యాకోబు 1:6 (సందేహించకుండా విశ్వాసంతో అడగాలన్న వచనం) ఉండి ఉంటుంది. దాని పై వచనం చూడండి, అక్కడ అడగమన్నది జ్ఞానం. మార్కు 9లో యేసు దగ్గరికి కొడుకును తెచ్చిన తండ్రి ‘నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము’ అన్నాడు. ఆ అరకొర నమ్మకంతో వచ్చినా బిడ్డ బాగయ్యాడు. అమ్మగారి మరణాన్ని మీ నెత్తిన వేసుకోకండి.

మాట రానప్పుడు 13వ కీర్తన పట్టుకోండి. ఆరు వచనాలే. మొదటి రెండూ మొర, తర్వాతి రెండూ మనవి, చివరి రెండూ నమ్మిక. చాలామంది తిన్నగా అయిదో వచనానికి వెళ్లిపోయి, స్తుతి రాలేదని తమను తామే తిట్టుకుంటారు. మీరు రెండు వారాలపాటు 1, 2 వచనాలే పైకి చదవండి, అయిదు నిమిషాలు చాలు. ‘ఎంతవరకు’ అన్నచోట ఆగి మీ మాట చేర్చండి: ‘ఎంతవరకు అమ్మ మంచం వైపు చూడలేక తల తిప్పుకోవాలి?’ తేదీ వేసి నోటుబుక్కులో రాయండి. మూడో వారం 3, 4 కలపండి. అయిదోది నోట రాకపోతే ఆగండి. 88వ కీర్తన ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అన్న మాటతోనే ముగిసింది, అయినా అది బైబిల్లోనే ఉంది.

ఇప్పట్లో ఉపవాసం వద్దు. ఏలీయా ప్రవక్త చావు కోరుకున్నప్పుడు దూత వాక్యోపదేశం చేయలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, బుడ్డితో నీళ్లు చూపించి తినమన్నాడు, అదీ రెండుసార్లు (1 రాజులు 19). నిద్ర, ఆకలి రెండు వారాలు దాటినా దారికి రాకపోతే డాక్టరుకు చూపించుకోండి. బతకాలని లేదనిపిస్తే మాత్రం ఆ రోజే ఇంట్లో చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

పాఠాలు ఒకటి రెండు నెలలు ఇంకొకరికి అప్పగించండి. ఆరాధన మానకండి. శిష్యుడైన తోమా, యేసు తిరిగి లేచాడంటే నమ్మనని తెగేసి చెప్పాక కూడా, ఎనిమిది రోజుల తర్వాత తక్కిన శిష్యులతోనే ఉన్నాడు, ప్రభువు వచ్చింది ఆ ఇంట్లోకే. వెనక వరుసలో కూర్చోండి, పాడలేకపోతే వినండి. సాక్ష్యం చెప్పమంటే ‘ఇప్పుడు కాదండీ’ అనండి. ఈ సంగతంతా ఒక్కరికే చెప్పుకోండి, మధ్యలో వచనం అందుకోకుండా పది నిమిషాలు వినగల మనిషికి.

ప్రశ్న: సందేహాలు ఉండగా ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనలో) చేయి వేయవచ్చా?
– ఒక యువకుడు, ఖమ్మం

జవాబు: వేయవచ్చు. ‘తన్ను తాను పరీక్షించుకొనవలెను’ అని పౌలు రాసింది, బల్ల దగ్గర ఒకడు ఆకలితో ఉండగా ఇంకొకడు మత్తులో ఉన్న కొరింథు సంఘానికి. మత్తయి 28:17లో ప్రభువుకు మ్రొక్కినవారిలోనే కొందరు సందేహించారు. ఆయన వాళ్లను పక్కన పెట్టలేదు, అందరినీ కలిపే పంపాడు. మీ సంఘ క్రమంలో వేరే నియమం ఉంటే పాస్టరుగారిని శనివారమే అడగండి, పళ్లెం మీ వరుసలోకి వచ్చాక కాదు.