చీమకుర్తి గ్రానైట్ క్వారీ దుమ్ములో ఎక్కువ చేటు చేసేది కనిపించేదా, కనిపించనిదా?
కనిపించనిదే. 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటిన రేణువులు చాలామటుకు ముక్కులో, గొంతులో ఆగి తుమ్ముతోనో కఫంతోనో బయటపడతాయి. 4 మైక్రాన్ల లోపువి ఊపిరితిత్తుల చివరిదాకా దిగుతాయి. వాటిలో స్ఫటిక సిలికా (రాళ్లలో ఉండే క్వార్ట్జ్ లాంటి ఖనిజం) ఉంటే, ఏళ్ల తరబడి పీల్చినవాళ్లకి సిలికోసిస్ (ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడే జబ్బు) రావచ్చు. అది నయమయ్యే జబ్బు కాదు.

0.1 మైక్రాన్ కన్నా చిన్నవి నానో రేణువులు. ఇవి రాతిపొడిలో కన్నా లారీల డీజిల్ పొగలోనే ఎక్కువ (క్వారీ రోడ్ల మీద రెండూ పీల్చాల్సిందేగా!). ఎలుకలకు ఒకే బరువు టైటానియం డయాక్సైడ్ (రంగుల్లో వాడే తెల్లపొడి) ఇచ్చి చూస్తే, 250 నానోమీటర్ల (వెయ్యి నానోమీటర్లు ఒక మైక్రాన్) రేణువుల కన్నా 20 నానోమీటర్లవి ఊపిరితిత్తుల్లో ఎక్కువ వాపు తెచ్చాయి. బరువు అంతే, ఉపరితలం ఎక్కువ. పీఎం 2.5 (గాలిలో 2.5 మైక్రాన్ల లోపు రేణువుల కొలత) మాత్రం బరువు లెక్క, అందులో వీటి వాటా కనపడదు.

మూతికి తువ్వాలు చుట్టుకుంటే సన్నదుమ్ము ఆగదు. నీళ్లు పోస్తూ కోయాలి, సరిగ్గా బిగిసే ఎన్95 మాస్కు పెట్టుకోవాలి.