సన్మానం ఎవరి ఇంట్లో జరిగింది?

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

అమెరికాలో రిపబ్లికన్ పార్టీ వైపు మాట్లాడిన రేడియో వ్యాఖ్యాత రష్ లింబా మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. చిత్తూరులో కూర్చుని, అమెరికాలో మిజోరీ రాష్ట్ర శాసనసభ భవనంలో పెట్టిన అతని కంచు విగ్రహం గురించి రాయాలని ఎందుకు అనిపించిందో చివరి పేరాలో చెప్పావు. మన ఊళ్లలోనూ ఎవరికి దండ వేయాలి, ఎవరికి వేయకూడదు అన్న తగువు తెగడం లేదు కాబట్టి అన్నావు. మంచి కారణం. ఆ పేరా మొదట్లో ఉండాల్సింది. మిగతా వ్యాసం గురించి చెప్పాల్సింది చాలా ఉంది, ఓపిగ్గా చదువు.

ముందు విశేషణాల సంగతి. మొదటి రెండు పేజీల్లో అతన్ని విషం చిమ్మేవాడన్నావు, స్త్రీద్వేషి అన్నావు, సమాజానికి పట్టిన చీడ అన్నావు. అతని మాటల మీద నాకూ గౌరవం లేదు. కానీ ఆ రెండు పేజీలూ చదివాక అతను ఏమన్నాడో నాకు తెలియలేదు, నీకు ఎంత కోపం వచ్చిందో మాత్రం తెలిసింది. మన సభల్లో చదివే సన్మానపత్రాలు నువ్వూ వినే ఉంటావు. బహుముఖ ప్రజ్ఞాశాలి, నిగర్వి, స్నేహశీలి, మృదుభాషి అంటూ సాగిపోతాయి. పేరు చెరిపేసి ఇంకొకరి పేరు రాసుకున్నా చెల్లిపోతుంది. నీ మొదటి రెండు పేజీలు తిట్లతో రాసిన సన్మానపత్రంలా ఉన్నాయి. వాటిలోనూ పేరు మార్చి ఎవరికైనా తగిలించవచ్చు.

ఆ మనిషికి మాత్రమే అతికే సంగతులు కావలసినన్ని ఉన్నాయి. 2012 ఫిబ్రవరిలో శాండ్రా ఫ్లూక్ అనే న్యాయశాస్త్ర విద్యార్థిని అమెరికా ప్రతినిధుల సభలోని డెమొక్రాట్ సభ్యుల ముందు మాట్లాడింది. గర్భనిరోధక మాత్రల ఖర్చు విద్యార్థుల ఆరోగ్య బీమాలో చేరాలన్నది ఆమె వాదం. అండాశయ వ్యాధి ఉన్న తన స్నేహితురాలికి వైద్యంగా ఆ మాత్రలు అవసరమైతే, బీమా ఇవ్వక, కొనుక్కునే స్తోమతు లేక, చివరికి శస్త్రచికిత్సలో అండాశయాన్నే పోగొట్టుకుందని చెప్పింది. లింబా ఆ మాటలకు రేడియోలో ఇచ్చిన జవాబు, ఏ ఆడపిల్లనూ అనకూడని మాట. ఒకసారి నోరు జారడం కాదు, వరసగా మూడు రోజులు అదే ధోరణి. ప్రకటనలిచ్చే కంపెనీలు తప్పుకోవడం మొదలయ్యాక మార్చి 3న క్షమాపణ చెబుతూ ప్రకటన ఇచ్చాడు. మిజోరీ విగ్రహం వార్త బయటికి పొక్కింది సరిగ్గా ఆ రోజుల్లోనే. నీ వ్యాసంలో ఇదంతా ఒకే ఒక్క వాక్యం, అందులోనూ తేదీలు లేవు. ఆ స్నేహితురాలి ప్రస్తావనే లేదు. రెండు పేజీల విశేషణాలు కొట్టేసి ఈ సంగతికి ఒక పేజీ ఇవ్వు. పాఠకుడికి కోపం రావాలంటే ఆ వ్యాధి, ఆ మాత్రలు, ఆ మూడు రోజులు చాలు.

ఇక అతని శ్రోతలు. మూర్ఖులు కాబట్టి విన్నారని తేల్చేశావు. ఇది నాకు అసలు నచ్చలేదు. వారానికి కోటి మందికి పైగా, ముప్పై ఏళ్లకు పైగా ఒక గొంతు కోసం ఎదురుచూశారంటే దానికి కారణాలు ఉంటాయి. వెతకాలి. వివాదాస్పద విషయాల మీద భిన్నాభిప్రాయాలు వినిపించాలని అమెరికా ప్రసార సంస్థలకు ఒక నిబంధన ఉండేది. 1987లో అక్కడి సమాచార ప్రసారాల కమిషన్ దాన్ని ఎత్తేసింది. 1988 ఆగస్టులో లింబా కార్యక్రమం దేశమంతటా మొదలైంది. సంగీతం ఎఫ్ఎం స్టేషన్లకు తరలిపోయి, ఏఎం స్టేషన్లు ఏం వినిపించాలో తోచక ఉన్న కాలం అది. రోజుకు మూడు గంటలు, వారానికి ఐదు రోజులు ఒక్కడే మాట్లాడేవాడు. నవ్వించేవాడు, అనుకరించేవాడు, పేరడీ పాటలు వేసేవాడు. పెద్ద నగరాల పత్రికలూ టీవీలూ తమను పట్టించుకోవని బాధపడే చిన్న ఊళ్ల వాళ్లకు, గంటల తరబడి ఒంటరిగా బండి నడిపేవాళ్లకు, మన మాట మాట్లాడేవాడు ఒకడున్నాడనిపించాడు. అదే అనుకరణ విద్యతో 2006లో పార్కిన్సన్స్ వ్యాధితో బాధపడుతున్న నటుడు మైకేల్ జె. ఫాక్స్ వణుకును వెక్కిరించాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి రాయి. అతని పనితనం ఒప్పుకుంటే నీ వాదం బలహీనపడుతుందని భయపడకు. ఒప్పుకోకపోతేనే అతని అభిమాని రెండో పేరాలో నీ వ్యాసం పక్కన పడేస్తాడు. నువ్వు ఒప్పించాల్సింది అతన్నే కదా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నీ వ్యాసంలో మూడు సన్మానాలను కలిపి ముద్ద చేశావు. 1993లో అమెరికా జాతీయ రేడియో కీర్తి మందిరంలో అతనికి చోటు దొరికింది. 2012లో మిజోరీ శాసనసభ భవనంలో ప్రసిద్ధ మిజోరీయుల వరసలో విగ్రహం వచ్చింది. 2020 ఫిబ్రవరి 4న అధ్యక్షుడు ట్రంప్ అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌ను ఉద్దేశించి ప్రసంగిస్తున్న సభలోనే అతనికి ఆ దేశపు అత్యున్నత పౌర పతకం అందింది. తనకు ఊపిరితిత్తుల క్యాన్సర్ అని అతను చెప్పిన మర్నాడే అది. మరుసటి ఏడాది ఫిబ్రవరి 17న చనిపోయాడు. మూడింటినీ నువ్వు ఒకే గాటన కట్టి అన్యాయం అన్నావు. నా ఉద్దేశంలో మొదటిది అన్యాయం కాదు. రేడియో అనే వృత్తి తనలో ఒకణ్ని, తన వృత్తి కొలతతో కొలిచి గౌరవించుకుంది. అతని కంటే ఎక్కువగా ఆ వృత్తిని మార్చినవాళ్లు అరుదు. మూడోది ఒక రాజకీయ నాయకుడు తన పక్షం మనిషికి ఇచ్చుకున్నది. మర్యాద గురించి వాదించవచ్చు గానీ, ఎవరు ఎవరికి ఎందుకిచ్చారో అందరికీ తెలుసు. రెండోదాని దగ్గరే చిక్కు. శాసనసభ భవనం అందరిదీ. అక్కడ విగ్రహం పెడితే ఆ రాష్ట్రంలోని ప్రతి మనిషి పేరునా పెట్టినట్టే. ఆ వరసలో రచయిత మార్క్ ట్వేన్ ఉన్నాడు, అమెరికా మాజీ అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ ఉన్నాడు. ఎవరిని చేర్చాలో నిర్ణయించే అధికారం మాత్రం స్పీకర్ ఒక్కరిది. విగ్రహానికి డబ్బు విరాళాల నుంచి వస్తుంది. అందరి ఇల్లు, ఒక్కరి నిర్ణయం. నీ వ్యాసం నిలబడాల్సింది ఈ గట్టు మీద.

విగ్రహం ఎక్కడ ఉందన్నది ఎంత ముఖ్యమో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. తిరుమల ఆలయంలో మహాద్వారం దాటగానే ప్రతిమా మండపంలో శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి లోహవిగ్రహాలు ఉన్నాయి. ముగ్గురూ చేతులు జోడించి నిలబడి ఉంటారు. అక్కడ ఆయన భక్తుడు. అదే రాయలను కత్తితో గుర్రం మీద ఎక్కించి నాలుగు రోడ్ల కూడలిలో నిలబెడితే అర్థం పూర్తిగా మారిపోతుంది. ఈసారి దర్శనానికి వచ్చినప్పుడు జనం తోపులాటలోనైనా ఆ చేతులు చూడు.

స్పీకర్ స్టీవెన్ టిల్లీ వాదనను నువ్వు ఒక్క ముక్కలో ఎగరగొట్టావు. అది ఎగరగొట్టదగిన వాదన కాదు. అది అందరూ ప్రేమించే మిజోరీయుల వరస కాదు, ప్రసిద్ధ మిజోరీయుల వరస అన్నాడాయన. నిజమే, లింబా ఆ రాష్ట్రంలోని కేప్ జిరార్డోలో పుట్టాడు, అతని ప్రసిద్ధిని ఎవరూ కాదనలేరు. దీనికి నువ్వు జవాబు చెప్పాలి. నాకు తోచిన జవాబు ఆ ఆవిష్కరణ రోజులోనే ఉంది. 2012 మే 14న మిజోరీ ప్రతినిధుల సభామందిరంలో ఆ కార్యక్రమం జరిగింది. లింబా స్వయంగా వచ్చాడు. పిలుపులు రిపబ్లికన్లకే. జనాన్ని రానివ్వలేదు, తలుపులు వేసేశారు, సాయుధ పోలీసులు కాపలా కాశారు. ప్రత్యర్థి పార్టీ వాళ్లకు మతి చలించిందని అతను ఆ వేదిక మీది నుంచే అన్నాడు. తర్వాత విగ్రహానికి ఎవరూ హాని చేయకుండా ఒక కెమెరా బిగించారు. ప్రసిద్ధిని గుర్తించడమే ఉద్దేశమైతే తలుపులు మూయాల్సిన పనేముంది? ఒక పక్షం తన మనిషిని అందరి ఇంట్లో, మిగతావాళ్లను బయట నిలబెట్టి సత్కరించుకుంది. ఆ మనిషి గురించి ఒక్క చెడ్డమాట అనకుండానే నీ వాదం ఇక్కడ గెలుస్తుంది. ఇంత బలమైన సంగతి నీ వ్యాసంలో బ్రాకెట్లలో పడి ఉంది!

మన వైపు అనుకునేవాళ్ల పనులనూ దాచవద్దు. నిరసనకారులు స్పీకర్ కార్యాలయానికి టాయిలెట్ పేపర్ చుట్టలు పంపారు. నీకు తెలిసే ఉంటుంది, అయినా రాయలేదు. రాయి. అలాగే అదే స్పీకర్ అదే కాలంలో డ్రెడ్ స్కాట్‌ను కూడా ఎంపిక చేశాడు. తాను స్వతంత్రుణ్నని సెయింట్ లూయిస్ కోర్టులో 1846లో దావా వేసిన బానిస అతను. 1857లో అమెరికా సుప్రీంకోర్టు నల్లవాళ్లు పౌరులే కారని అతని కేసులోనే తీర్పు చెప్పింది. రెండు విగ్రహాలనూ మలిచింది ఒకే శిల్పి, స్పెన్సర్ షూబర్ట్. దీని మీద ఉపన్యాసం వద్దు. ఉన్నది ఉన్నట్టు రెండు వాక్యాల్లో చెప్పి వదిలెయ్. స్పీకర్ చేసింది ఒక్కటే పని కాదని పాఠకుడికి తెలియడం న్యాయం. ఆయన తర్వాత వచ్చిన స్పీకర్ ప్రజల నుంచి పేర్లు ఆహ్వానించాడన్న సంగతి కూడా చేర్చు. గొడవ వల్ల పద్ధతి కొంత మారింది.

ఇచ్చిన గౌరవాన్ని వెనక్కి తీసుకోవచ్చా అని నన్ను అడిగావు. తీసుకోవచ్చు, కానీ ఎవరు ఇచ్చారో వాళ్లే, కారణం చెప్పి, బాహాటంగా. టేలర్ స్పింక్ అనే పత్రికాధిపతి పేరు మీద అమెరికా బేస్‌బాల్ విలేకరుల సంఘం 1962 నుంచి తన అత్యున్నత పురస్కారం ఇచ్చేది. నల్లజాతి ఆటగాళ్లను పెద్ద లీగుల్లోకి రానివ్వకూడదన్న వైఖరితో 1942లో అతని పత్రిక సంపాదకీయం రాసింది. 2021 ఫిబ్రవరిలో ఆ సంఘ సభ్యులు ఓటు వేసి పురస్కారానికి అతని పేరు తీసేశారు. పురస్కారం కొనసాగుతోంది, అంతకుముందు అందుకున్నవాళ్ల గౌరవానికీ లోటు రాలేదు. 2011 మార్చి 10న హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు కూలిన తీరు పక్కన దీన్ని పెట్టి చూడు. ఉద్యమంలోని ఆవేదన నాకు అర్థమవుతుంది. అయినా సుత్తితో తీర్మానించిన దానిలో వాదనకు చోటు ఉండదు. ఈ విషయంలో నాతో నువ్వు ఏకీభవించకపోవచ్చు, ఏకీభవించకపోతే నీ కారణాలు రాయి.

చివరి పేరా మొదటికి రావాలన్నాను కదా. కానీ అందులో మన ఊళ్ల గురించి 'ఇక్కడా ఇంతే' అని ఊరుకున్నావు. అలా అనేస్తే ఎవరికీ పట్టదు. చిత్తూరులో ఏదైనా ఒక కూడలికి వెళ్లి విగ్రహం కింద ఉన్న ఫలకం చదువు. నల్లరాతి మీద బంగారు రంగు అక్షరాలు. ఆవిష్కరించినవారి పేరు అన్నిటికన్నా పెద్దగా ఉంటుంది. తర్వాత ముఖ్య అతిథి, గౌరవ అతిథులు, సభాధ్యక్షులు, విరాళాలిచ్చినవారు. విగ్రహంలో ఉన్న మనిషి పుట్టిన ఏడాదీ పోయిన ఏడాదీ ఒక మూలన కనిపిస్తాయి. ఆయన ఏం చేశాడన్న వాక్యం చాలాసార్లు ఉండదు. ఆ ఫలకాన్ని ఉన్నది ఉన్నట్టు నోటుబుక్కులోకి ఎక్కించుకో, అక్షరాల పరిమాణంతో సహా. విగ్రహానికి అనుమతి ఎవరిచ్చారో, ఏ తీర్మానం మీద ఇచ్చారో కనుక్కో. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. రోడ్ల మీద, కాలిబాటల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వవద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలకు చెప్పిందని గుర్తు పెట్టుకుని తేదీలు సరిచూడు. దీనికి నాలుగు మధ్యాహ్నాలు పోతే పోనీ.

నీ ఊరి మనిషి ఒకరు నీ పక్కనే ఉన్నారు. కట్టమంచి రామలింగారెడ్డి గారు. 1880లో పుట్టారు. బ్రిటిష్ ప్రభుత్వ దమనకాండకు నిరసనగా 1930లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్ష (వైస్ చాన్సలర్) పదవికి రాజీనామా చేశారు. 1942లో అదే ప్రభుత్వం నుంచి సర్ బిరుదు అందుకున్నారు. మన ప్రబంధ కవుల మీద ఆయన చేసిన విమర్శకు ఆ రోజుల్లోనే పండితులు మండిపడ్డారు. ఆయన మీద నాకు చాలా గౌరవం, కాబట్టే చెబుతున్నాను: రాజీనామాను మాత్రమే రాసి బిరుదును వదిలేసే వ్యాసాలూ, బిరుదును ఎత్తిచూపి రాజీనామాను మరిచే వ్యాసాలూ రెండూ నాకు వద్దు. లింబా వ్యాసం తిరగరాసే ముందు రెడ్డి గారి మీద రెండు పేజీలు రాసి చూడు. ప్రేమించే మనిషి గురించి రెండు సంగతులూ రాయగలిగితే, నచ్చని మనిషి గురించి రాయడం నీకు కష్టం కాదు.

లింబా వ్యాసంలో మూడో పేజీ, అంటే శాసనసభ భవనం వర్ణన, ముట్టుకోకు. అది బాగుంది. ఐదో పేజీలో మన రాజకీయ నాయకులతో పోలికలు మొత్తం తీసెయ్. మిజోరీ సంగతి మిజోరీలోనే ఉండనీ, మన సంగతికి ఆ ఫలకం చాలు. కొత్త ప్రతి సిద్ధమయ్యాక పోస్టులో పంపు, ఫోనులో చదివి వినిపించవద్దు. వినేటప్పుడు నీ గొంతు నన్ను ఒప్పించేస్తుంది. నాకు కాగితం మీది వాక్యం కావాలి.

ఆశీస్సులతో.