ఓడెక్కబోయే మేనల్లుడికి, పాటల పెట్టె గురించి

చిరంజీవి అల్లుడికి,

మావయ్య దీవెనలు. నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటో చూశాను. యాపిల్ వాళ్ల పాత పాటల ప్లేయరు ఐపాడ్ క్లాసిక్, 160 జీబీ, గీతలు పడ్డ వెనక రేకు, కింద "మావయ్యా, ఇది తీసుకోనా?" అని ఒక్క ముక్క. జవాబూ ఒక్క ముక్కలో కావాలంటే, వద్దు. ఎందుకు వద్దో ఆ బుల్లి అక్షరాల మీద వేళ్లతో పొడుస్తూ చెప్పే ఓపిక లేక కాగితం తీశాను.

దాని తయారీ 2014లోనే ఆపేశారు. ఎంత అపురూపంగా దాచిందైనా పదేళ్లు దాటిన సరుకే. లోపల ఉన్నది చిప్పు కాదు, గిర్రున తిరిగే చిన్న హార్డ్ డిస్కు. దానికి కుదుపు పడదు, నువ్వేమో ఇంజన్ రూమ్ పైన పడుకోబోతున్నావు. ఆ డిస్కు పీకేసి మెమరీ కార్డు బిగించి అమ్మేవాళ్లూ ఉన్నారు, అది కాస్త నయం. కానీ ఆ వెడల్పాటి పాత కేబులు తెగితే నడిసముద్రంలో ఎవడిస్తాడు? దాని ముఖాన ఉండే చక్రం మీద బొటనవేలు తిప్పుతుంటే పాటల పేర్లు జారిపోయే సుఖం నాకూ తెలుసులే. అందుకోసం కొనకు.

ఫోన్ చాలదా అని మీ అమ్మ అంటోంది. ఫోన్లో ఫొటోలే సగం మింగేస్తాయి. ఇప్పుడొచ్చేవాటిలో చాలావాటికి కార్డు పెట్టే సందూ లేదు, ఇయర్‌ఫోన్ గుచ్చే బెజ్జమూ లేదు. ఓడలో నెట్ ఉంటుంది గానీ కొలిచి పోస్తారని నువ్వే చెప్పావు. స్పాటిఫై లాంటివాటిలో దించుకున్న పాటలు కూడా నెలకోసారైనా నెట్ తగలకపోతే మూగబోతాయి. కాబట్టి పాటలు నీ సొంత ఫైళ్లుగా ఉండాలి, వాటికో ప్లేయరు ఉండాలి. ఇంతవరకు నీ ఆలోచన బాగుంది.

పొరపాటల్లా నువ్వు జీబీలు చూసి ప్లేయరు ఎంచుకోవడం. జీబీలు కార్డులో వస్తాయిరా. సోనీ వాక్‌మన్ ఏ306లో లోపల ఉండేది 32 జీబీయే, మిగతాదంతా మైక్రో ఎస్డీ కార్డు మీదే. ఫియో, హైబీ, షాన్‌లింగ్ కంపెనీల ప్లేయర్లూ కార్డు మీద నడిచేవే ఎక్కువ. ఇవాళ 256 పెట్టుకుని రేపు 512 కొనుక్కోవచ్చు. బటన్లు, బ్యాటరీ, తెర, పాటకీ పాటకీ మధ్య అది చేసే పని, ఇవి మాత్రం కొన్నాక మార్చలేవు. చూడాల్సింది వాటిని.

అయినా కార్డు ఎంతది కొనాలో లెక్క వేద్దాం. నువ్వు చెప్పిన తొమ్మిది వేల సినిమా పాటలు, 320 కేబీపీఎస్ (సెకనుకి 320 కిలోబిట్లు) ఎంపీ3లో నిమిషానికి 2.4 ఎంబీ. పాట నాలుగు నిమిషాలనుకుంటే సుమారు 10 ఎంబీ, మొత్తం 90 జీబీ. కచేరీలు నూటయాభై, ఒక్కొక్కటి రెండున్నర గంటలు. వాటిని ఫ్లాక్‌లో, అంటే శబ్దంలో ఏమీ పోకుండా కుదించే ఫైలు రకంలో ఉంచితే నిమిషానికి 5 ఎంబీ చొప్పున కచేరీకి 750 ఎంబీ, మొత్తం 112 జీబీ దాకా. మీ తాతయ్య హరికథ క్యాసెట్లు నలభై మూడు, అన్నీ సిక్స్‌టీలే, అంటే గంటవి. ఒక గొంతు, ఒక వయొలిన్, చిడతలు, మృదంగం. వాటికి 128 కేబీపీఎస్ ఎంపీ3 చాలు, గంటకి 58 ఎంబీ, మొత్తం రెండున్నర జీబీకి మించదు. అంతా కలిపి 205 జీబీ. 256 కార్డు కంప్యూటర్లో పెడితే 238 అనే చూపిస్తుంది, కంగారు పడకు. తయారీదారు వెయ్యితో లెక్కేస్తాడు, కంప్యూటరు 1024తో. సరిపోతుంది గానీ ఇరుకు. నువ్వు రేవు రేవునా పాటలు పోగేసే రకం కాబట్టి 512 తీసుకో.

ఎంపీ3లన్నీ ఫ్లాక్‌లోకి మార్చేస్తే సౌండు పెరుగుతుందని నీ స్నేహితుడెవరో చెప్పాడట. నీళ్ల మజ్జిగని పెద్ద కుండలో పోస్తే పెరుగవుతుందా? సీడీ నుంచో క్యాసెట్టు నుంచో నేరుగా తీసేటప్పుడే ఫ్లాక్ చేసుకోవాలి. ఎంపీ3లో ఒకసారి పోయింది పోయినట్టే. అలాగే 192 కిలోహెర్ట్జ్, 4.4 బ్యాలెన్స్‌డ్ జాక్ అని డబ్బా మీద రాసినవి చూసి డబ్బు పెంచకు. మన ఘంటసాల, సుశీల తొలినాటి పాటలు గ్రామఫోను ప్లేటు మీదకి ఎక్కినవి. ప్లేటు ఒక పక్క మూడు నిమిషాలు దాటితే గగనం, అందుకే ఆనాటి పాట అంత పొందికగా ముగుస్తుంది. అందులో లేని శబ్దాన్ని నీ ప్లేయరు ఎక్కణ్ణుంచి తెస్తుంది?

కార్డు దగ్గర నేను తిన్న దెబ్బ చెబుతాను. మూడేళ్ల కిందట ఊరు వెళ్లినప్పుడు ఫుట్‌పాత్ మీద 512 కార్డు సగం ధరకే వస్తోందని రెండు కొన్నాను. రాత్రంతా కూర్చుని ఎక్కించాను. పేర్లన్నీ కనపడుతున్నాయి, లెక్క సరిపోయింది. తీరా నొక్కితే మొదటి పాటలు కొన్ని పలికాయి, ఆ తర్వాతవన్నీ నిశ్శబ్దం. అసలు కార్డు 32 జీబీదే. లోపలి చిప్పుకి 512 అని అబద్ధం చెప్పడం నేర్పారు. నిండాక వచ్చినదాన్ని ఒప్పుకున్నట్టే ఒప్పుకుని గాల్లో కలిపేస్తుంది. క్యాసెట్ల రోజుల్లో దొంగ లేబుళ్లని అంటించిన తీరు చూసే పట్టేసేవాణ్ని, ఇది కంటికి ఆనదు. కాబట్టి ఏ కార్డు కొన్నా పాట ఎక్కించే ముందు విండోస్‌లో అయితే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్‌లోనో లినక్స్‌లోనో అయితే ఎఫ్3 అనే ప్రోగ్రాం నడుపు. కార్డు నిండా రాసి, తిరిగి చదివి, నిజమెంతో చెబుతుంది. గంటలు పడుతుంది. పట్టనీ.

ఇక ప్లేయరు. కొట్టుకి వెళ్లేటప్పుడు నీ కార్డు నువ్వు తీసుకెళ్లు. అందులో మూడు రకాలు ఉండాలి.

ఒకటి, రాగం తానం పల్లవి ఉన్న కచేరీ, ముక్కలు ముక్కలుగా కోసింది. తని ఆవర్తనం, అదే మృదంగం ఒంటరిగా వాయించే భాగం, ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలులోకి దాటేచోట చెవి పెట్టి విను. గ్యాప్‌లెస్, అంటే ఫైళ్ల మధ్య ఖాళీ లేకుండా పాడటం, రాని ప్లేయరైతే మృదంగం మీద చెయ్యి లేచినది లేచినట్టే అర క్షణం ఆగి, అప్పుడు పడుతుంది. సినిమా పాటలు వినేవాడికి తెలియనే తెలియదు. నీకు మాత్రం తాళం వేస్తున్న చెయ్యి ప్రతిసారీ తప్పుతుంది. ఎంపీ3 ఫైళ్లలో మొదట్లో, చివర్లో కాస్త ఖాళీ చేరుతుంది, అది కూడా తోడవుతుంది. కచేరీలు ఫ్లాక్‌లో ఉంచమన్నది సగం ఇందుకే.

రెండు, గంట నిడివి హరికథ. మధ్యలో ఆపి, ప్లేయరు కట్టేసి, మళ్లీ పెట్టు. ఆపినచోటే అందుకోవాలి. ఓడలో వాచ్ డ్యూటీకి పిలుపొస్తే కథ వదిలేసి పరుగెత్తేవాడివి, తిరిగొచ్చాక మళ్లీ గణపతి ప్రార్థన దగ్గర మొదలెడితే నీకు ఒళ్లు మండుతుంది.

మూడు, తెలుగులో పేరు పెట్టిన ఫైళ్లు. ఆండ్రాయిడ్ మీద నడిచేవి తెలుగు చక్కగా చూపిస్తాయి గానీ లేవడానికి టైము తీసుకుంటాయి, పక్కన పడేసినా బ్యాటరీ తాగుతాయి. సొంత సిస్టమ్ మీద నడిచే చిన్నవి చిటికెలో లేస్తాయి, ఛార్జింగ్ బాగా ఆగుతుంది. కానీ చాలావాటిలో ఒత్తులు ఊడి పక్కన పడతాయి, లేకపోతే వరసగా డబ్బాలు కనపడతాయి. నన్నడిగితే నీకు చిన్నదే మేలు. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకో, ముందు 01, 02 అని అంకె వెయ్యి. ఉత్త 1, 2 అని వేస్తే కొన్ని ప్లేయర్లు 1 తర్వాత 10 పాడి, ఆ తర్వాత 2కి వస్తాయి. పల్లవి అయ్యాక రాగాలాపన వినాల్సొస్తుంది.

పాట మార్చడానికి, సౌండు తగ్గించడానికి నిజం బటన్లు ఉండాలి. చేతికి గ్రీజు ఉంటుంది, టచ్ తెర నీ మాట వినదు. ఛార్జింగ్ పిన్ను టైప్-సి అయితే నీ ఫోన్ ఛార్జరే సరిపోతుంది. ఇయర్‌ఫోన్లు వైరువే రెండు జతలు పట్టుకెళ్లు. డ్యూటీలో చెవిలో పెట్టావని తెలిస్తే మాత్రం మీ అమ్మకి చెప్పేది నేనే.

కార్డులు చెప్పాపెట్టకుండా పోతాయి. అదే సైజుది ఇంకోటి కొని, మొత్తం రెండోసారి ఎక్కించి, సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టుకో. మూడో నకలు ఇక్కడ నా హార్డ్ డిస్కులో ఉంటుంది.

హరికథలు నేను ఎక్కిస్తున్నాను. నా రికార్డింగ్ కొట్టు మూసేసినా క్యాసెట్ డెక్కు అమ్మలేదు, మీ అత్తయ్య అందుకు ఇంకా సాధిస్తూనే ఉంది. తాతయ్య క్యాసెట్లు ఏ డెక్కులో రికార్డయ్యాయో గానీ నా దాంట్లో పెడితే గొంతు దుప్పట్లోంచి వచ్చినట్టుంది. టేపుని చదివే హెడ్డు పక్కనున్న బుల్లి స్క్రూని పావు చుట్టు అటూ ఇటూ తిప్పుతుంటే ఒకచోట ఠక్కున తెర తీసినట్టు చిడతలు గల్లుమంటాయి. ప్రతి క్యాసెట్టుకీ ఆ చోటు వేరు. రోజుకి రెండు చొప్పున పదకొండు అయ్యాయి. నువ్వు బయల్దేరే లోపు పూర్తి చేస్తాను.

సినిమా పాటల్లో నీ దగ్గర లేనివి ఏమిటో కాగితం మీద వరసగా రాసి పంపు. సినిమా పేరు, పాట మొదటి ముక్క, వీలైతే పాడినవాళ్లు. వాట్సాప్‌లో వద్దు. తెనాలి కొట్లో ఇరవయ్యేళ్లు అట్లాంటి చీటీలే చూసి రికార్డింగ్ చేశాను, చీటీలో పాట అయినప్పుడల్లా టిక్కు పెట్టకపోతే నాకు చెయ్యి ఆడదు.

ఉంటాను,
మావయ్య