మేలో విక్టోరియా జలపాతం, శాకాహారికి డర్బన్, క్రూగర్‌లో సొంత డ్రైవింగ్: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: పిల్లలకు సెలవులు మేలోనే. అప్పుడు విక్టోరియా జలపాతం నిండుగా ఉంటుందని టూర్ ఏజెంటు అంటున్నారు. జింబాబ్వే వైపు చూడాలా, జాంబియా వైపా? జలపాతం అంచునే కొలనులో ఈత కొడుతున్న ఫొటోలు చూసి పిల్లలు అదే కావాలంటున్నారు.
– పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఏజెంటు చెప్పింది నిజమే, కానీ సగం నిజం. ఇక్కడ నీళ్లు ఎక్కువైతే జలపాతం తక్కువ కనిపిస్తుంది. జాంబెజీ నది సుమారు 1,700 మీటర్ల వెడల్పున ఒక ఇరుకు లోయలోకి దూకుతుంది, లోతు 108 మీటర్లు. మనం నిలబడేది ఎదుటి గట్టు మీద. ఏప్రిల్, మే నెలల్లో లోయలోంచి లేచే తుంపర తెల్లటి తెరలా మధ్యలో నిలబడిపోతుంది. అక్కడివాళ్లు దీన్ని ‘మోసి ఓ తున్యా’ అంటారు, ఉరిమే పొగ అని. మేలో వెళ్లినవాళ్లకు ఉరుమూ పొగా రెండూ దక్కుతాయి, అడుగున రాళ్లు మాత్రం కనబడవు.

మీరైతే జింబాబ్వే వైపే పెట్టుకోండి. జలపాతంలో ఎక్కువ భాగం అటునుంచే కనిపిస్తుంది. పడమటి కొసన ఉన్న డెవిల్స్ కాటరాక్ట్ అనే పాయను పక్కనుంచి చూస్తాం కాబట్టి, మిగతాచోట్ల తెర కమ్మేసినా అది బాగానే కనబడుతుంది. జాంబియా వైపు నైఫ్ ఎడ్జ్ వంతెన మీద ఆ రోజుల్లో కళ్లు తెరవడమే కష్టం. గొడుగు మోసుకెళ్లకండి, తుంపర కిందనుంచి పైకి కొడుతుంది. మోకాళ్ల కిందికి వచ్చే రెయిన్‌కోటు, జారని చెప్పులు, ఫోనుకు జిప్ కవరు, లెన్స్ తుడవడానికి రెండు మూడు పొడి గుడ్డలు చాలు. గుడ్డలు కోటు లోపలి జేబులో పెట్టుకోండి. పౌర్ణమి కలిసొస్తే రాత్రి పార్కు తెరిచి ఉంచుతారు, వెన్నెల్లో ఇంద్రధనుస్సు కనిపిస్తుంది. నీళ్లు తక్కువున్న నెలల్లో అది దొరకదు.

ఆ ఈత కొలను డెవిల్స్ పూల్, ఉన్నది జాంబియా వైపు. నీళ్లు బాగా తగ్గాక, సుమారుగా ఆగస్టు రెండో సగం నుంచి జనవరి మధ్య దాకానే అనుమతిస్తారు. మేలో కుదరదని పిల్లలకు ఇప్పుడే చెప్పేయండి. అక్టోబరు, నవంబరుల్లో మాత్రం జాంబియా వైపు కొండ చాలామటుకు ఎండిపోతుంది. అటు నదిగర్భం ఎత్తు, మిగిలిన నీళ్లన్నీ పడమటికే పోతాయి.

వీసా దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. ఒక్కసారి ప్రవేశానికి తీసుకున్న జింబాబ్వే వీసాతో జాంబియా వైపు దాటితే, తిరిగి రావడానికి ఇంకో ప్రవేశం కావాలి. ఇటూ అటూ చూడాలనుకుంటే రెండు ప్రవేశాల వీసా ముందే అడగండి. రెండు దేశాలనూ కలుపుతూ 1905లో కట్టిన వంతెన మీదికి మాత్రం వెళ్లి వెనక్కి వస్తామంటే ఇమిగ్రేషన్ వాళ్లు చీటీ ఇస్తారు, వీసా ఖర్చవదు. డాలర్లు చిన్న నోట్లుగా, చిరుగు లేనివి పట్టుకెళ్లండి.

ప్రశ్న: అమ్మ గుడ్డు కూడా తినదు. డర్బన్‌లో, ఆ తర్వాత జాంబియాలో ఆవిడకు భోజనం ఎలా?
– పాఠకుడు, నల్గొండ

జవాబు: డర్బన్‌లో బెంగ పెట్టుకోకండి. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుంచి కూలీలను దించిన ఊరది. ఆ తర్వాతి ఓడల్లో మనవాళ్లూ బాగానే వెళ్లారు. దుకాణంలో కందిపప్పు అంటే తెలియకపోవచ్చు, ‘ఆయిల్ ధాల్’ అనండి, నూనె పట్టించిన కందిపప్పు ఇస్తారు.

అక్కడి పేరున్న తిండి బన్నీ చౌ. పావు బ్రెడ్డు ముక్కను గిన్నెలా తొలిచి కూర నింపుతారు. అమ్మగారికి ‘క్వార్టర్ బీన్స్’ అని చెప్పండి, షుగర్ బీన్స్ కూరతో వస్తుంది. తొలిచిన మెత్తటి ముక్క పైన పెట్టి ఇస్తారు. ముందు దాన్ని కూరలో ముంచి తినాలి, తర్వాత అంచులు పైనుంచి కిందికి తుంచుకుంటూ రావాలి. ముందే పక్క గోడ చించారో, పులుసంతా ఒళ్లో పడుతుంది. చెంచా అడగనక్కర్లేదు.

జాంబియాలో తెల్ల మొక్కజొన్న పిండితో చేసే న్‌షిమా అచ్చం మన సంకటే. చేత్తో ముద్ద చేసి కూరలో అద్దుకుంటారు. పల్లీల పొడి వేసి ఉడికించిన ఆకుకూర, ఇఫిసాషి, మన నోటికి వెంటనే ఎక్కుతుంది. ఆకుకూరల్లో ఎండు చేపలు కలపడం కూడా ఉంది, కాబట్టి ‘వెజిటేరియన్’ అని ఊరుకోకుండా మాంసం, కోడి, చేప, గుడ్డు నాలుగూ వద్దని పేరుపేరునా చెప్పండి. కూరగాయల సూపు మాంసం నీళ్లతో చేశారేమో, బంగాళదుంప వేపుళ్లు చేప వేయించిన నూనెలోవేమో కూడా అడగాలి.

ప్రశ్న: దక్షిణాఫ్రికాలోని క్రూగర్ పార్కులో సొంతంగా కారు నడుపుకుంటూ తిరగొచ్చా? జూన్ మొదటివారంలో మూడు రోజులున్నాయి.
– పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నిస్సందేహంగా. మనలాగే ఎడమవైపు నడపడం, ముఖ్యమైన దారులు తారు రోడ్లు. తప్పు జరిగేది దూరం లెక్కలో. వేగ పరిమితి తారు మీద గంటకు 50, మట్టి దారిలో 40 కిలోమీటర్లు. జంతువుల కోసం ఆగుతూ పోతే గంటకు 20, 25 మించదు. పార్కు లోపల స్కుకూజా బస శిబిరం నుంచి సటారా శిబిరానికి సుమారు 90 కిలోమీటర్లు, అంటే ఒక పూట. జూన్‌లో గేట్లు ఉదయం 6కు తెరిచి సాయంత్రం 5:30కి మూస్తారు, ఆలస్యమైతే జరిమానా. మధ్యాహ్నం 3 దాటాక కొత్త దారి పట్టకండి.

నెల మంచిదే. గడ్డి ఎండి, జంతువులు నీళ్ల దగ్గరికి చేరతాయి. స్కుకూజా నుంచి లోయర్ సాబీకి సాబీ నది వెంబడి వెళ్లే దారికి ఒక ఉదయం కేటాయించండి.

ఏనుగు రోడ్డు మీద ఉంటే హారన్ వద్దు, దూరంగా ఆగండి. కంటికీ చెవికీ మధ్య తడి చార, వెనక కాళ్ల లోపలివైపు మూత్రం కారుతున్న మరక కనిపించాయంటే అది మదమెక్కిన మగది. అప్పుడు మెల్లగా వెనక్కి పోవడం ఒక్కటే దారి, అందుకే ముందు కారును అంటిపెట్టుకుని ఎప్పుడూ ఆపకూడదు. అనుమతించిన చోట తప్ప తలుపు తీయకండి. జూన్ అక్కడ శీతాకాలం, మలేరియా తక్కువే కానీ లేకపోలేదు, మాత్రల గురించి బయల్దేరేముందే డాక్టర్ని అడగండి.

ప్రశ్న: మన చార్జర్లు అక్కడ పట్టవంటారు, నిజమేనా?
– పాఠకురాలు, గుంటూరు

జవాబు: వోల్టేజి మనదే, 230. దక్షిణాఫ్రికాలో మామూలుగా ఉండే పెద్ద మూడు గుండ్రటి పిన్నుల సాకెట్ మన గీజరు, ఏసీ పెట్టే పెద్ద సాకెట్ లాంటిదే. చిన్న ప్లగ్గును దాంట్లో పెట్టుకునే కన్వర్టర్ మీ వీధి ఎలక్ట్రికల్ షాపులోనే దొరుకుతుంది, విమానాశ్రయంలో పదింతలు పెట్టి కొనకండి. జింబాబ్వే, జాంబియాల్లో ఎక్కువగా బ్రిటిష్ తరహా చదరపు పిన్నులు, వాటికి వేరే అడాప్టర్ కావాలి.