పాత కాగితాల పెట్టె

పాఠకుల ప్రశ్నలకు కర్నూలు నుంచి ఒక పాత బైండరు జవాబులు

ప్రశ్న: మా తాతగారి ఇంటి అటక మీద 1942 ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆంధ్రపత్రిక బైండు దొరికింది. పట్టుకుంటే అంచులు పొడిగా రాలుతున్నాయి. పాత పేపర్లు కొనే ఒకాయన, విశాఖపట్నం మీద బాంబులు పడ్డ వారం పేపర్లు మాత్రం కోసి ఇమ్మంటున్నాడు. మంచి రేటే చెప్పాడు. ఇచ్చేయమంటారా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: ఇవ్వొద్దమ్మా. మొత్తం బైండు అమ్ముకుంటారా, అది మీ ఇష్టం. కోసి మాత్రం ఇవ్వొద్దు. ఇలాంటి బైండ్లకు ఎక్కువగా పక్క కుట్టే ఉంటుంది. నెలల పేపర్లు దొంతి పేర్చి, పక్కన కన్నాలు పొడిచి, దారంతో బిగిస్తారు. మధ్యలో ఒక వారం తీసేస్తే దారానికి పట్టు పోతుంది, మిగిలినవీ ఒక్కోటి ఊడొస్తాయి. అలా ఊడినవాటిని మళ్లీ కుట్టడానికి మా షాపుకు తెచ్చినవాళ్లు ఎందరో.

ఆయన అడిగేది ఏప్రిల్ 6 సంగతి. ఆ రోజు జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. కానీ అవి సెన్సారు రోజులు. జరిగినదంతా పేపర్లో ఉంటుందనుకోకండి. నన్నడిగితే అసలు సరుకు ముందూ వెనకా పేజీల్లో ఉంటుంది. అప్పట్లో న్యూస్‌ప్రింటు విదేశాల నుంచి ఓడల్లో రావాలి. మన నేపానగర్ మిల్లు వచ్చింది 1950లలో కదా. యుద్ధంలో ఓడలకు ఇబ్బంది వచ్చేసరికి కాగితానికి కరువొచ్చి, పేపర్లకు పేజీలు తగ్గాయి. మీ బైండులో తారీఖుల వారీగా పేజీలు లెక్కపెట్టి చూడండి, ఒక వారం ముక్కలో ఆ లెక్క దొరకదు. ఆ పేపరు మద్రాసులో అచ్చయి, రైల్లో ఎర్రగుంట్ల దాకా వచ్చి, అక్కణ్నుంచి మీ ఊరు చేరి ఉంటుంది. మీ తాతగారు దాచింది ఆ మూడు నెలలూ కలిపి.

నా దగ్గర 1944 బైండు ఒకటుంది. అందులో ఒక పేజీ మీద గుండ్రటి పచ్చటి మరక, మధ్యలో మరక అంటని చిన్న చుక్క. చాలాసేపు అర్థం కాలేదు. అది చిల్లు కాణీ! యుద్ధంలో లోహానికి కరువొచ్చి 1943 నుంచి నడిమధ్య చిల్లు పెట్టి కొట్టిన పైసా. ఎవరో పేజీ గుర్తుకు పెట్టి మరిచిపోయారు. మరక కింది రెండు పేజీలకూ దిగింది. ఎవరైనా ఆ పేజీ కోసి ఉంటే నాకు వట్టి మరకే మిగిలేది.

ఇక కాపాడుకోవడం. ముందు ఈ రోజే అటక మీంచి దించండి. మన ఎండలకు అటక పొయ్యిలా కాగుతుంది. న్యూస్‌ప్రింటు కలప గుజ్జుతో చేసినది, దానిలో పుట్టే ఆమ్లమే దాన్ని పెళుసు చేస్తుంది, వేడి తగిలితే ఇంకా తొందరగా. బైండును నిలబెట్టొద్దు, పడుకోబెట్టండి. చదివేటప్పుడు అటూ ఇటూ దిండ్లు పెట్టి, సగమే తెరవండి. నీడలో ఫోన్‌తో ఫోటోలు తీసుకోండి. స్కానరు మీద బోర్లించి నొక్కితే వీపు విరుగుతుంది. సెల్లోటేపు, లామినేషన్ వద్దే వద్దు. టేపు జిగురు కొన్నేళ్లకు గోధుమరంగుకు తిరిగి కాగితంలోకి ఇంకిపోతుంది. చిరిగినచోట పల్చటి టిష్యూ, పల్చటి మైదా పేస్టు చాలు.

నేను చేసిన తప్పు కూడా చెప్తాను. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూల్లోకి వచ్చినప్పుడు మా షాపు మునిగింది. తడిసిన బైండ్లను మిద్దె మీద ఎండలో పరిచాను. అప్పడాల్లా వంకర్లు తిరిగాయి. నీడలో, ఫ్యాను కింద, పేజీల మధ్య తెల్ల కాగితాలు పెట్టి, అవి తడిసినప్పుడల్లా మార్చాల్సింది.

ప్రశ్న: ఆదివారం అంగట్లో 1947 ఆగస్టు 15 నాటి ఇంగ్లీషు పేపరు కొన్నాను. అసలుదేనా?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: చాలామటుకు నకలే అయి ఉంటుంది. ఆ రోజు పేపర్లను తర్వాత గుర్తు కోసం మళ్లీ వేసుకున్నారు. పేజీ వెనక్కి తిప్పి వేలితో నిమరండి. సీసం అక్షరాలు నొక్కి వేసిన కాగితం వెనకవైపు కొంచెం గరుగ్గా తగలొచ్చు. భూతద్దంలో చూస్తే ఒక్కో అక్షరం అంచున సిరా గట్టుకట్టినట్టుంటుంది. అసలుదైతే అంచులు ముదురు, లోపల లేత. అంతటా ఒకే పసుపుంటే అనుమానించండి. ఎంత పెట్టారో రాయలేదు, నేనూ అడగను.

ప్రశ్న: పప్పూరు రామాచార్యులు గారు 1926లో మొదలుపెట్టిన మా ఊరి శ్రీ సాధన పత్రిక పాత సంచికలు పోగుచేయాలని ఉంది. ఎక్కడ వెతకాలి?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: పాత ప్లీడర్ల ఇళ్లు, రిటైరైన టీచర్ల ఇళ్లు, మూతబడ్డ ప్రింటింగ్ ప్రెస్సులు, చివరికి పాత పేపర్ల కొట్లు. అమ్మమంటే తలుపేస్తారు, చూసిస్తామనండి. ఎప్పుడు వెళ్లినా సంక్రాంతికి నెల ముందు వెళ్లండి, ఇళ్లు దులిపేది అప్పుడే. నేనొకసారి భోగి మర్నాడు వెళ్లాను. ఆ ఇంటాయన వాకిట్లో బూడిద చూపించి, కాఫీ ఇచ్చాడు.