తరగతిలో చేర్చినా అపరిచితుల సందేశాలు ఆగడం లేదు: సమాధానం

గాజువాకలోని మీ పాఠశాల చదరంగం బృందాన్ని ఉచిత ఆన్‌లైన్ చదరంగం వెబ్‌సైట్ అయిన లీచెస్‌లో తరగతిగా ఏర్పాటు చేసిన తరువాత కూడా ముగ్గురు విద్యార్థులకు అపరిచితుల సందేశాలు వస్తున్నాయని రాశారు. ఆ ముగ్గురూ బహుశా ఇంట్లో సొంతంగా తెరిచిన పాత ఖాతాలతోనే తరగతిలో చేరి ఉంటారు.

ఉపాధ్యాయులు తరగతి నుంచి కొత్తగా తెరిచే ఖాతాలకు ఈమెయిల్ అక్కరలేదు, సందేశాలను ఆపే కిడ్ మోడ్ అనే అమరిక కూడా వాటికి మొదటి నుంచే ఉంటుంది. పాత ఖాతాను ఆహ్వానించి చేర్చుకున్నంత మాత్రాన దానికి ఆ రక్షణ రాదు. చాలామంది ఉపాధ్యాయులు ఇక్కడే పొరబడతారు.

1. ఆ ముగ్గురినీ తమ ఖాతాల్లోకి వెళ్లి, సెట్టింగుల్లో కిడ్ మోడ్‌ను ఆన్ చేయమనండి. పేజీ పైన లీచెస్ గుర్తు పక్కన నవ్వు ముఖం కనిపించిందో లేదో మీరే స్వయంగా చూడండి. పిల్లలు "చేశాం సార్" అంటే సరిపోదు.

2. ఆ ముగ్గురికీ ఖాతాలు ఉన్నాయి కాబట్టి రెండోవి తెరవకండి, ఒక విద్యార్థికి ఒకే ఖాతా ఉండాలి. ఖాతా లేని విద్యార్థులకు కొత్తవి తెరిస్తే, పాస్‌వర్డ్ ఒక్కసారే కనిపిస్తుంది కనుక వెంటనే నోటుపుస్తకంలో రాసుకోండి.

3. ఖాతా పేరు అందరికీ కనిపిస్తుంది కాబట్టి అందులో అసలు పేరు, పాఠశాల పేరు ఉండకూడదు. అసలు పేరు కోసం తరగతిలో వేరే గడి ఉంది, అది తరగతి బయట కనిపించదు.

4. కిడ్ మోడ్ మాటలను ఆపుతుంది గాని, తెలియనివారితో ఆటను ఆపదు. అందుచేత తరగతి సమయంలో స్నేహితునికి సవాలు పంపే పద్ధతిలోనే జతలు కట్టండి.